ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా చూసుకోవాలి?

కట్టి ఇరవై ఏళ్లయినా మా సెప్టిక్ ట్యాంకు ఒక్కసారి కూడా నిండలేదని గొప్పగా చెప్పుకునేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. సరిగా కట్టిన ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడు మూత తీసి చూసినా నిండుగానే ఉంటుంది. ఎంత నీరు లోపలికి వస్తే అంత నీరు రెండో వైపు గొట్టం గుండా బయటికి పోవడమే దాని పని తీరు. ఇరవై ఏళ్లుగా నిండలేదంటే అది అడుగు నుంచి నేలలోకి ఇంకిపోతూ అయినా ఉండాలి, లోపలి మడ్డి నీటితో కలిసి ఏ కాలువలోకో కొట్టుకుపోతూ అయినా ఉండాలి. కాబట్టి ట్యాంకు నిండిందా అని అడగడంలో అర్థం లేదు. అడుగున మడ్డి ఎంత పేరుకుంది, బయటికి పోయే నీరు ఎక్కడికి చేరుతోంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. వాటికి మీ ఇంటి మటుకు మీరే జవాబు కనుక్కునే విధానం ఇది.

మొదటి పని: మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడం

మరుగుదొడ్డి కింద ఏ గొయ్యి ఉన్నా దాన్ని సెప్టిక్ ట్యాంకు అనే పిలుస్తాం గానీ, తెలుగు రాష్ట్రాల ఇళ్లలో సాధారణంగా కనిపించేవి మూడు రకాలు. నాలుగు గోడలకూ అడుగుకూ కాంక్రీటు వేసి, నీరు నేలలోకి దిగకుండా లోపల గట్టిగా పూత పూసి, ఒక వైపు నీరు వచ్చే గొట్టం, ఎదుటి వైపు నీరు పోయే గొట్టం పెట్టినది అసలైన సెప్టిక్ ట్యాంకు. సిమెంటు వరలను ఒకదానిపై ఒకటి దింపి, అడుగున కాంక్రీటు వేయకుండా మట్టి నేలనే వదిలేసినది కేవలం గొయ్యి; అందులోని నీరు చుట్టూ నేలలోకి ఇంకుతుంది, మలం గోతిలోనే మిగులుతుంది. మూడోది జంట గుంతల మరుగుదొడ్డి. ఇందులో ఒక గుంత వాడుకలో ఉండగా నిండిన రెండో గుంతను మూసి ఏడాదికి పైగా కదపకుండా వదిలేస్తారు, ఆ వ్యవధిలో లోపలిది పొడి ఎరువుగా మారుతుంది.

జంట గుంతలు, సెప్టిక్ ట్యాంకు ఒకటి కావని గుర్తుంచుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో జంట గుంతల మరుగుదొడ్డి గుంతలోకి స్వయంగా దిగి ఎరువును ఎత్తిపోశారు. ఆ వార్త దేశమంతా తిరిగింది. ఆయన దిగింది చాలాకాలం మూసి ఉంచి, పూర్తిగా మాగిన గుంతలోకి. ఎప్పుడూ నీటితో, వాయువుతో నిండి ఉండే సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ, ఏ కారణం చేతా దిగకూడదు.

మీది ఏ రకమో తెలియకపోతే కట్టిన మేస్త్రీని అడగడం అన్నిటికంటే సులువు. ఆయన అందుబాటులో లేకపోతే మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చే గొట్టం ఏ దిక్కుకు పోతోందో చూసి, ఆ దారిలో ఉన్న ఛాంబరు మూతలు, గాలి గొట్టం ఆధారంగా ట్యాంకు స్థానాన్ని గుర్తించవచ్చు. దీర్ఘచతురస్రాకారపు శ్లాబు, దానికి రెండు చివర్లా రెండు మూతలు కనిపిస్తే సెప్టిక్ ట్యాంకు అయ్యే అవకాశం ఎక్కువ. గుండ్రటి మూత ఒక్కటే ఉండి, నీరు బయటికి పోయే గొట్టం జాడే లేకపోతే అది వరల గొయ్యి అనుకోవచ్చు. వరల గొయ్యి విషయంలో దూరాల గురించి కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఇంకా గట్టిగా పాటించాలి, ఎందుకంటే అక్కడ ట్యాంకూ, దాని నుంచి వచ్చే మురుగు నీటిని నేలలోకి ఇంకించే ఇంకుడు గుంతా ఒకటే.

రెండో పని: లోపల జరిగేదేమిటో అర్థం చేసుకోవడం

వరద నీటిని కుండలో పోసి కదపకుండా ఉంచితే అడుగున ఒండ్రు చేరి పైన తేట నీరు నిలుస్తుంది కదా, సెప్టిక్ ట్యాంకు చేసే పనిలో సగం అదే. బరువైనవి అడుగుకు దిగి మడ్డిగా పేరుకుంటాయి. నూనె, సబ్బు జిడ్డు, తేలికైనవి పైకి తేలి తెట్టుగా కడతాయి. ఈ రెంటి మధ్య ఉండే నీరు మాత్రమే రెండో వైపు గొట్టానికి చేరుతుంది. మిగతా సగం పని సూక్ష్మజీవులది. గాలి చొరబడని ఆ చీకట్లో బతికే బ్యాక్టీరియా మడ్డిని కొద్దికొద్దిగా కరిగించి, కొంత భాగాన్ని మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులుగా మారుస్తుంది. అయితే మడ్డి మొత్తం ఎన్నటికీ కరగదు. కరగనిది ఏటేటా పెరుగుతూ పోతుంది.

నీరు లోపల ఎంతసేపు నిలిస్తే బరువైనవి అంత బాగా దిగుతాయి, అందుకే కనీసం ఒక రోజు నిలిచేటట్టు ట్యాంకు కొలతలు నిర్ణయిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 అయిదుగురు వాడే ట్యాంకుకు 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు చెబుతుంది. అంటే సుమారు 1,125 లీటర్లు. మరుగుదొడ్డి నీరు మాత్రమే వస్తే అయిదుగురి ఇంట్లో రోజుకు 200 లీటర్లు దాటడం అరుదు, కాబట్టి నీటికి కావలసినంత తీరిక దొరుకుతుంది. అదే ట్యాంకుకు స్నానాల నీరు, బట్టల యంత్రం నీరు కూడా కలిపి రోజుకు 500 లీటర్లు పంపి, పైగా సగం లోతు మడ్డితో నిండనిచ్చారనుకోండి: మిగిలిన 560 లీటర్ల చోటులో నీరు ఒక్క రోజు కాస్త మించి మాత్రమే నిలుస్తుంది, పొద్దున అందరూ స్నానాలు చేసే వేళ ఆ ఉరవడికి మడ్డి కూడా లేచి బయటికి పోతుంది. ఆ కొలతల ట్యాంకు ఉన్నవారు స్నానాల, బట్టల నీటిని వేరే గొట్టంతో తోటకో, వేరే ఇంకుడు గుంతకో పంపడమే మంచిది.

లోపలికి వచ్చే గొట్టానికీ బయటికి పోయే గొట్టానికీ ఇంగ్లిషు అక్షరం 'టీ' ఆకారంలో ఉండే ముక్క బిగిస్తారు. చూడ్డానికి చిన్నదే గానీ ట్యాంకు సక్రమంగా పనిచేయడమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. రెండు కొసల్లోనూ అది నీటిమట్టం కిందికి సుమారు 30 సెంటీమీటర్ల వరకు దిగి ఉండాలి. అప్పుడు వచ్చే నీరు తెట్టును చెదరగొట్టకుండా కిందుగా చేరుతుంది, పోయే నీరు తెట్టు కింద నుంచి, మడ్డికి పైనుంచి బయలుదేరుతుంది. పోయే వైపు టీ ఊడిపోయిన ట్యాంకు నుంచి తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి వెళ్లి దాన్ని పూడ్చేస్తుంది. మడ్డి తీయించిన ప్రతిసారీ ఆ ముక్క చోటులోనే ఉందా అని టార్చి లైటు వేసి దూరం నుంచే చూడమని పనివారికి చెప్పండి. చాలామంది ఈ ఒక్క మాట అడగరు, తర్వాత ఇంకుడు గుంతను తవ్వించుకుంటారు.

మూడో పని: బయటికి పోయే నీటి వెంట వెళ్లడం

ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీరు చూడ్డానికి కొంచెం తేటగా ఉన్నా శుభ్రమైన నీరు కాదు. కంటికి కనిపించే మలిన పదార్థంలో మంచి భాగం లోపల ఆగిపోతుంది, కానీ కలరా, టైఫాయిడ్, కామెర్ల వంటి జబ్బులు తెచ్చే క్రిములూ, నులిపురుగుల గుడ్లూ ఆ నీటిలో ఇంకా ఉంటాయి. వాటిని నిజంగా పట్టి ఆపేది నేల. అందుకే ఆ నీటిని ఇంకుడు గుంతలోకి గానీ, గులకరాయి పరిచిన పొడవాటి కందకంలోకి గానీ పంపాలనీ, శుద్ధి చేయకుండా వీధి కాలువలోకి, చెరువులోకి వదలకూడదనీ ప్రమాణం చెబుతుంది. మన పట్టణాల్లో ఎక్కువ ఇళ్ల గొట్టం చివర వెతికితే వీధి కాలువే కనిపిస్తుందన్నది అందరికీ తెలిసిన విషయమే. మీ ఇంటిది ఎటు పోతోందో తెలుసుకోవాలంటే బకెట్టు నీటిలో ముగ్గులోకి వాడే నీలి రంగో, బట్టల నీలిమందో కలిపి మరుగుదొడ్డిలో పోయడం కన్నా, బయటికి పోయే వైపు ఛాంబరు మూత తీయించి గొట్టం దిక్కు చూడడం నమ్మకమైన పద్ధతి. ట్యాంకులో నీరు రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి పోసిన రంగు పలచబడి అసలు కనిపించకనే పోవచ్చు.

ఇంకుడు గుంత కనీసం 90 సెంటీమీటర్ల వ్యాసంతో, గొట్టం చేరే మట్టానికి కింద కనీసం 1 మీటరు లోతుతో ఉండాలి. తాగునీటి బావికీ బోరుకూ 18 మీటర్ల లోపల, నివాసపు ఇంటికి 6 మీటర్ల లోపల దాన్ని తవ్వకూడదు. గుంత అడుగుకూ భూగర్భ జలమట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల ఎడం ఉండాలి. నూరు గజాల స్థలంలో ఇల్లూ, బోరూ, గుంతా పెట్టుకునేవారికి ఈ దూరాలు కుదరవు. అటువంటి చోట చుట్టుపక్కల బోరు నీటిని ఏడాదికొకసారైనా పరీక్ష చేయించడం తప్పనిసరి అనుకోవాలి. తాగునీటి భారతీయ ప్రమాణంలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊరి మధ్య బోరులో ఈ లెక్క పెరిగిందంటే ఎరువులతో పాటు మరుగుదొడ్ల గుంతలను కూడా అనుమానించాలి.

అన్నిటికీ మించి నేల స్వభావం చూడాలి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నల్లరేగడి నీటిని పీల్చుకోదు, ఎండాకాలంలో బీటలు వారి ఆ బీటల గుండా మురుగును నేరుగా కిందికి జారవిడుస్తుంది, వానాకాలంలో ఉబ్బి పూర్తిగా మూసుకుపోతుంది. తెలంగాణ ఎర్ర నేలలు నీటిని బాగా ఇంకించుకుంటాయి గానీ కొద్ది లోతులోనే రాయి తగిలే చోట్లు ఎక్కువ, రాతి పగుళ్ల దారిన ఆ నీరు ఎంత దూరమైనా పోగలదు. కోనసీమ వంటి డెల్టా ఊళ్లలో వానాకాలం తవ్వితే చేతికందే లోతులోనే నీరు ఉంటుంది. అక్కడ ఇంకుడు గుంత పనిచేయడం లేదని మేస్త్రీని తిట్టుకుని లాభం లేదు, నేలలోనే ఖాళీ లేదు.

మీ నేల ఇంకించుకునే వేగాన్ని తేలికగా కొలుచుకోవచ్చు. ఇంకుడు గుంత వేయదలచిన లోతు వరకు ఒక జానెడు వెడల్పు గుంట తీసి, గోడలను మొనదేలిన కర్రతో గీరి, అడుగున 5 సెంటీమీటర్ల మందాన చిన్న కంకర వేసి, కంకర పైన 30 సెంటీమీటర్లు నిలిచేలా నీరు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఉదయం కంకర మీద 15 సెంటీమీటర్ల నీరు ఉండేటట్టు సరిచేసి, అరగంటలో మట్టం ఎంత దిగిందో కొలవండి. అరగంటలో 6 సెంటీమీటర్లు దిగితే 2.5 సెంటీమీటర్లకు పన్నెండున్నర నిమిషాలు పట్టినట్టు. ఆ 2.5 సెంటీమీటర్లకు 30 నిమిషాల లోపు పడితే ఇంకుడు గుంత సరిపోతుంది. 30 నుంచి 60 నిమిషాలు పడితే నీటిని ఎక్కువ మేర పరిచే కందకాలు కావాలి. 60 దాటితే ఆ నేలను నమ్ముకోకుండా కంకర వడపోత గది వంటి మరో ఏర్పాటు గురించి ఇంజినీరును అడగాలి. ఈ పరీక్షను ఎండాకాలంలో రేగడి మీద చేస్తే బీటల వల్ల తప్పు ఫలితం వస్తుంది కాబట్టి తడి నేల మీదే చేయాలి.

వాన నీటి కోసం తవ్వే ఇంకుడు గుంతకు సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని ఎప్పుడూ కలపకండి. పేరు ఒకటే కావడం వల్లనో, ఖర్చు తగ్గుతుందనో కొందరు ఈ పని చేస్తారు; బోరు పక్కనే తవ్విన వాన గుంతలోకి మురుగు చేరితే అది తిన్నగా మీ తాగునీటిలోకే వస్తుంది.

నాలుగో పని: మడ్డిని కొలవడం

మడ్డి లోతు, తెట్టు మందం రెండూ కలిపి నీటి లోతులో సగానికి చేరినప్పుడు ట్యాంకును ఖాళీ చేయించాలి. రెండు మూడేళ్లకొకసారి అన్న లెక్క అందరికీ చెప్పడానికి పనికివచ్చే ఉజ్జాయింపు మాత్రమే. ఇద్దరు వృద్ధులు ఉండే ఇంటికీ, ఎనిమిది మంది ఉమ్మడి కుటుంబానికీ ట్యాంకు ఒకే కొలతది అయినా వ్యవధి ఒకటి కాదు.

కొలవడానికి రెండు మీటర్ల పొడవున్న నిటారు కర్ర, పాత తెల్ల తువ్వాలు, సన్నని తాడు చాలు. కర్ర కింది సగానికి తువ్వాలును గట్టిగా చుట్టి తాడుతో కట్టాలి. ట్యాంకు మూతను తీసి కనీసం అరగంట పక్కకు జరిగి నిలబడాలి; బీడీ, అగ్గిపుల్ల, దీపం దరిదాపులకు రాకూడదు, ఎందుకంటే మీథేన్ అంటుకుంటుంది. ఆ తర్వాత తోడుగా మరొకరిని దగ్గర ఉంచుకుని, మూత మీదకు వంగకుండా, ముఖం పక్కకు తిప్పి, కర్రను నెమ్మదిగా అడుగు తగిలే వరకు దించి కొద్ది నిమిషాలు అలాగే పట్టుకోవాలి. నెమ్మదిగా పైకి తీస్తే తువ్వాలు మీద కింది భాగమంతా చిక్కటి నల్లటి మడ్డి అంటుకుని ఉంటుంది, దాని పైన బూడిద రంగు తడి మాత్రమే ఉంటుంది. నలుపు ఆగిన గీతే మడ్డి పైమట్టం. తడి ఆగిన చోటు వరకు కొలిస్తే నీటి లోతు తెలుస్తుంది. తెట్టును కొలవడానికి కర్ర చివర అడ్డంగా చిన్న పలక ముక్క కొట్టి, దాన్ని తెట్టులోంచి కిందికి నెట్టి మెల్లగా పైకి లాగుతూ, అడ్డు తగిలిన చోట కర్ర మీద గుర్తు పెట్టుకోవాలి. మీటరు నీటి లోతు ఉన్న ట్యాంకులో మడ్డి 35, తెట్టు 12 సెంటీమీటర్లు వచ్చిందంటే మొత్తం 47; వచ్చే వానాకాలానికి ముందే ట్యాంకరును పిలవాలి.

వాసన రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఇక్కడ అన్నిటికంటే చెడ్డ పొరపాటు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది, ఆ తర్వాత మనిషి రెండు మూడు ఊపిర్లలో కూలిపోవచ్చు. ముఖానికి కట్టుకునే గుడ్డ గానీ, కోవిడ్ కాలపు మాస్కు గానీ ఈ వాయువును ఆపవు. కొలిచేందుకు ధైర్యం చాలకపోతే మానేయండి, ట్యాంకరు వచ్చినప్పుడు వారిచేత కొలిపించి అంకె రాసిపెట్టుకుంటే తర్వాతి వ్యవధిని అంచనా వేయవచ్చు.

అయిదో పని: ఖాళీ చేయించడం

పని పూర్తిగా యంత్రంతోనే జరగాలి, మనిషి లోపలికి దిగకూడదు. మాన్యువల్ స్కావెంజర్ల (మలాన్ని చేతులతో ఎత్తి శుభ్రం చేసేవారి) నియామక నిషేధం, వారి పునరావాసం గురించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ శిక్ష గుత్తేదారుకే గాక పని చేయించిన ఇంటి యజమానికీ వర్తిస్తుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపించే, ఈ పనిని అంతం చేయడానికి పోరాడే సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇలా లోపలికి దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం నిర్ణయించింది, 2023 అక్టోబరులో మరో తీర్పులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. మూలన మిగిలిన కాస్త మడ్డి కోసం ఒక కుర్రవాణ్ణి దిగమని చెప్పే ట్యాంకరు మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. అడుగున కొద్దిగా మడ్డి మిగలడం అసలు తప్పే కాదు, కొత్తగా చేరే మలాన్ని కరిగించే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది.

పురపాలక సంఘం వద్ద నమోదైన ట్యాంకరునే పిలవండి. పట్టణాల్లో ఇందుకోసం 14420 అనే సహాయ సంఖ్య ఉంది. తోడిన మడ్డిని ఎక్కడ పోస్తారని ముందుగానే అడగండి. వరంగల్ నగరం 2016లో మల బురద నిర్వహణకు నియమావళి ప్రకటించి, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఏర్పాటు చేసింది. తర్వాత తెలుగు రాష్ట్రాల్లో మరికొన్ని పట్టణాలకూ అటువంటి కేంద్రాలు వచ్చాయి. దగ్గరలో కేంద్రం ఉండి కూడా ట్యాంకరు ఊరి చివర వాగు వైపు తిరిగితే, మీ ఇంట్లోంచి వెళ్లింది మీ తాగునీటికే తిరిగి వచ్చే దారి పట్టినట్టు.

ట్యాంకరు గొట్టం వేయడానికి ముందు తెట్టును పొడవాటి కర్రతో పగలగొట్టి నీటితో కలిపితేనే మడ్డి పూర్తిగా లేస్తుంది, లేకపోతే పైనున్న నీరు మాత్రమే తోడి డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. రెండు గదులున్న ట్యాంకులో రెండు మూతలూ తీయించి రెండు గదులనూ తోడించాలి. పని అయిన వెంటనే ట్యాంకును మామూలు నీటితో మళ్లీ నింపడం మంచిది. డెల్టా ఊళ్లలో వానాకాలం మధ్యలో ప్లాస్టిక్ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయిస్తే చుట్టూ ఉన్న నేల నీరు దాన్ని పైకి తేల్చి గొట్టాలను విరగ్గొట్టవచ్చు, కాబట్టి అక్కడివారు వేసవిలోనే ఈ పని పెట్టుకోవాలి.

ఆరో పని: రోజూ ఏం వేయాలో, ఏం వేయకూడదో చూసుకోవడం

మలం, మూత్రం, నీరు తప్ప మరేదీ మరుగుదొడ్డిలో వేయకపోతే ట్యాంకుకు సగం జబ్బులు రావు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు, సిగరెట్టు పీకలు, తల వెంట్రుకలు, గుడ్డ ముక్కలు కరగవు. ట్యాంకరు గొట్టానికి అడ్డుపడేవీ, టీ గొట్టాన్ని మూసేసేవీ ఎక్కువగా ఇవే. వంటింటి నూనెను ట్యాంకుకు పంపితే తెట్టు దళసరిగా పెరుగుతుంది.

మరుగుదొడ్డి కడగడానికి అప్పుడప్పుడు కొద్దిగా ఫినాయిలో, బ్లీచింగ్ పొడో వాడితే ట్యాంకులోని బ్యాక్టీరియా తట్టుకుంటుంది. సీసాల కొద్దీ ఆసిడ్ పోస్తేనే అది చచ్చి, కుళ్లు వాసన మొదలవుతుంది. మడ్డిని కరిగిస్తుందంటూ అంగళ్లలో అమ్మే బ్యాక్టీరియా పొడులు కొనవలసిన అవసరం లేదు. ప్రతి మనిషి మలంతో పాటే కావలసినంత బ్యాక్టీరియా రోజూ ట్యాంకుకు చేరుతుంది. ఏ పొడి వేసినా ట్యాంకరును పిలవడం తప్పదు.

గాలి గొట్టం తలకు సన్నని జాలీ కట్టి ఉందో లేదో మేడ మీదికెళ్లి చూడండి. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకు మంచి స్థావరం, జాలీ లేని గొట్టమూ బీటలు వారిన మూతలూ దాని రాకపోకలకు దారులు. గొట్టం చివర ఇంటి పైకప్పు కన్నా సుమారు 2 మీటర్ల ఎత్తున ఉంటే వాసన కూడా కిటికీల్లోకి రాదు.

ఏడో పని: చిహ్నాలను చదవడం

ఇంట్లో ఒకే మరుగుదొడ్డిలో నీరు నెమ్మదిగా దిగుతూ, మిగతావి బాగుంటే ఆ గొట్టంలోనే ఏదో అడ్డుపడింది, ట్యాంకరును పిలిచి డబ్బు పోగొట్టుకోవద్దు. కింది అంతస్తులోని అన్నీ ఒకేసారి గుడగుడమంటూ మొరాయిస్తే ట్యాంకులోగానీ, బయటికి పోయే గొట్టంలోగానీ ఇబ్బంది ఉంది. ట్యాంకు ఖాళీ చేయించిన పది పదిహేను రోజులకే మళ్లీ పొంగితే దోషం ట్యాంకుది కాదు. ఇంకుడు గుంత గోడల మీద బ్యాక్టీరియా నల్లటి జిగురు పొరగా కట్టి నేల రంధ్రాలను మూసేసింది, లేదా తెట్టు చేరి గుంత పూడిపోయింది. వానలప్పుడు మాత్రమే పొంగితే మేడ మీది వాన నీరు ఎక్కడో ట్యాంకుకు కలుస్తోంది, లేదా నేలే నీటితో నిండిపోయింది. మేడ నీటి గొట్టాన్ని వేరు చేయడం అర్ధదినపు పని.

శ్లాబు బీటలు వారడాన్ని తేలికగా తీసుకోవద్దు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ నీటిమట్టానికి పైనున్న తడి కాంక్రీటు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి దాన్ని అడుగు నుంచి తినేస్తుంది, లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. పైకి గట్టిగా కనిపించే పాత శ్లాబు కారు బరువుకు ఒక్కసారిగా కూలవచ్చు. పాత ట్యాంకు శ్లాబు మీద బండ్లు నిలపడం, పిల్లల్ని ఆడుకోనివ్వడం రెండూ మానాలి.

కొత్తగా కట్టించేవారికి

మేస్త్రీ చెప్పే కొలతలను ఒప్పుకునే ముందు ఇంట్లో ఎంతమంది ఉంటారో, రాబోయే కాలంలో పై అంతస్తు కట్టి అద్దెకిస్తారో లేదో లెక్క వేసుకోండి. పదిమందికి 2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పు సరిపోతుంది. రెండేళ్లకొకసారి తోడించేటట్లయితే 1 మీటరు, మూడేళ్లకొకసారి అయితే 1.4 మీటర్ల నీటి లోతు ఉండాలి. నీటిమట్టం పైన శ్లాబు వరకు మరో 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. చదరంగా కట్టిన ట్యాంకులో నీరు నిలవకుండా అడ్డదారిన బయటికి పోతుంది. 2,000 లీటర్లు దాటిన ట్యాంకుకు, నీరు వచ్చే వైపు నుంచి పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ కట్టి రెండు గదులుగా చేయాలి. బయటికి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టం కన్నా 5 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. అడుగును నీరు వచ్చే వైపుకు వాలుగా వేస్తే మడ్డి అటే చేరి ట్యాంకరుకు అందుతుంది.

పూత ఆరిన తర్వాత, శ్లాబు మీద మట్టి కప్పక ముందే ట్యాంకును బయటికి పోయే గొట్టం మట్టం దాకా మంచి నీటితో నింపి ఒక రోజు వదిలేయండి. మట్టం దిగితే ట్యాంకు కారుతోందన్నమాట, మేస్త్రీ డబ్బు పూర్తిగా తీసుకునే ముందే మళ్లీ పూత వేయించాలి. నీరు నిలిచిందని తేలాక ఆ నీటితోనే వాడకం మొదలుపెట్టవచ్చు. చివరగా, మూతలు రెండూ ఇంటి ఏ మూల నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో టేపుతో కొలిచి, ఫోటోలు తీసి, ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. మూతల మీద టైల్సు పరిచే పనివారికి ఆ కాగితం చూపించి, ఆ రెండు చోట్ల మాత్రం తీసి పెట్టగలిగే పలకలే వేయమని చెప్పండి.